ప్రతిపదార్థం దగ్గరే ఆగిపోయాం

ఏటా ఆగస్టు 29న గిడుగు రామమూర్తి పంతులుగారి పటానికి దండ వేసి, మైకు ముందు నిలబడి మన గోడు వెళ్లబోసుకుంటాం. తెలుగు చచ్చిపోతోందంటాం. ముద్దాయిల జాబితా మనకు కంఠతా వచ్చు: ఇంగ్లీషు మీడియం, కార్పొరేట్ కాలేజీలు, సెల్‌ఫోన్లు, పట్టించుకోని ప్రభుత్వాలు, మమ్మీ డాడీ అనిపించుకుని మురిసిపోయే తల్లిదండ్రులు. అందరినీ వరసబెట్టి తిట్టి, శాలువాలు కప్పించుకుని, టిఫిన్ పొట్లాలు పట్టుకుని ఇళ్లకు పోతాం.

ఆ జాబితాలో మన పేరు ఎన్నడూ ఉండదు. మనమంటే తెలుగు పండితులం, స్కూల్ అసిస్టెంట్లం. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా పిల్లలకు పద్యమూ వ్యాకరణమూ చెప్తామని జీతం తీసుకున్నవాళ్లం. అయిదేళ్లు మన ముందు కూర్చున్న పిల్లవాడు ఇంటర్లో చేరేటప్పుడు సెకండ్ లాంగ్వేజ్ ఏమిటని అడిగితే తడుముకోకుండా ‘సంస్కృతం’ అంటాడు. మార్కులొస్తాయి కాబట్టి అని మనం సర్దిచెప్పుకుంటాం. వస్తాయి, నిజమే. దేవనాగరి లిపి రాకపోయినా తెలుగు లిపిలోనో ఇంగ్లీషు అక్షరాల్లోనో రాసేసి తొంభై దాటించుకోవచ్చు. కానీ అయిదేళ్ల తెలుగును అంత తేలిగ్గా దులిపేసుకుని పోతున్నాడంటే ఆ అయిదేళ్లలో మనం వాడికి ఏం పెట్టామన్నది కూడా అడగాలి కదా. మన ఇళ్లలో పిల్లల్ని మనమే దగ్గరుండి సంస్కృతంలో చేర్పించాం. ఆ సంగతి మీటింగుల్లో ఎత్తం.

ఒక పాఠం తీసుకుందాం. శ్రీనాథుడి కాశీఖండంలోంచి తీసిన ‘భిక్ష’. రెండు తెలుగు రాష్ట్రాల పదో తరగతి పుస్తకాల్లోనూ ఏళ్ల తరబడి ఉన్న పాఠం. మనలో చాలామందిని నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పగలం. వ్యాసుడు శిష్యుల్ని వెంటబెట్టుకుని కాశీలో భిక్షకు తిరుగుతాడు. ఏ ఇంటా మెతుకు పుట్టదు. అది శివుడు పెట్టిన పరీక్ష అని ఆయనకు తెలియదు. వేదాలు విభజించిన మనిషి, పురాణాలు చెప్పిన మనిషి, కడుపు కాలేసరికి ఊరు ఊరంతటినీ శపించబోతాడు. అప్పుడు ఒక వాకిట్లోంచి పెద్ద ముత్తయిదువ ఒకావిడ బయటికొచ్చి పిలుస్తుంది. ఆవిడ అన్నపూర్ణే. ముందు నాలుగు చీవాట్లు పెడుతుంది. అన్నం దొరకనంత మాత్రాన కాశీ మీద కోపం తెచ్చుకుంటావా, ఇదేం పెద్దరికం అంటుంది. ఆ తర్వాత, రా, మా ఇంట భోంచెయ్యి అంటుంది. దానికి వ్యాసుడు చెప్పిన జవాబు చూడండి. పొద్దు వాలింది తల్లీ, నా వెంట పదివేల మంది శిష్యులున్నారు, వాళ్లలో ఏ ఒక్కడు తినకపోయినా నేను ముట్టను, అది నా వ్రతం అంటాడు. ఆకలికి శపించబోయిన మనిషే, పిలిచి అన్నం పెడతామంటే పిల్లలు తిననిదే నేను తినను అంటున్నాడు. ఒకే మనిషి, ఒకే రోజు.

ఈ పాఠాన్ని మధ్యాహ్న భోజనానికి ముందు పీరియడ్‌లో చెప్పినవాళ్లం మనలో ఎందరమో ఉన్నాం. వరండా చివర్నుంచి సాంబారు వాసన వస్తుంటుంది. పొద్దున ఏమీ తినకుండా బయల్దేరి వచ్చిన పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. ఎవరెవరో మనకు తెలుసు కూడా. ఆకలేస్తే మనిషికి కోపం ఎందుకొస్తుందని అడిగితే చాలు, ఆ గదిలో జవాబు లేని పిల్ల ఉండదు. ఇంట్లో అన్నం ఆలస్యమైతే నాన్న కంచం విసిరేయడం చూసినవాళ్లున్నారు. అందరూ తిన్నాక అడుగూ బొడుగూ తినే అమ్మను చూసినవాళ్లయితే చెప్పనే అక్కర్లేదు. వాళ్లకు శ్రీనాథుడు కొత్తవాడేమీ కాడు. మనం అడగలేదు. పుస్తకం తెరిచి ‘అహిమకరుడు అనగా సూర్యుడు, అయుతము అనగా పదివేలు’ అని మొదలుపెట్టాం. పిల్లలు పెన్సిలుతో పదాల నెత్తిన అర్థాలు రాసుకున్నారు. గంట కొట్టారు. కంచాలు పట్టుకుని పరిగెత్తారు.

అన్నట్టు, ఒక్కడు తినకపోయినా నేను తినను అన్న గురువు పాఠం చెప్పిన మనమే, డిసెంబరు వచ్చేసరికి పిల్లల్ని ఏ, బి, సి, డి గ్రూపులుగా చీల్చాం. చివరి గ్రూపుకి ఈ రెండు పద్యాలు, ఈ కవి పరిచయం, ఈ నాలుగు సంధులు, ఇవి కంఠతా పడితే పాసైపోతావురా, మిగతావి నీకొద్దు అని చెప్పాం. దాన్ని సేవ అనుకున్నాం. వాడికి మిగతావి ఎందుకొద్దో వాణ్ణి అడగలేదు.

ఇక స్పాట్ వాల్యుయేషన్. ఎండాకాలం, ఏదో ఒక స్కూల్లో హాలు, తిరుగుతున్నట్టు కనిపించే ఫ్యాన్లు, కట్టలు కట్టలుగా జవాబుపత్రాలు. పదో పేపరు దిద్దేసరికి మనకు అర్థమైపోతుంది, ఈ సెంటర్ వాళ్లు ఏ గైడు చదివారో. తాత్పర్యాలన్నీ ఒకే వాక్యంతో మొదలై ఒకే వాక్యంతో ముగుస్తాయి. గైడులో అచ్చుతప్పు ఉంటే ఆ తప్పు కూడా ఊళ్లకు ఊళ్లు దాటి మన టేబులు మీదికి వస్తుంది. ఎర్రన గురించి రాయమంటే ప్రబంధ పరమేశ్వరుడనీ శంభుదాసుడనీ బిరుదులు పొల్లు పోకుండా రాస్తారు. ఆయన రాసిన వెన్నెల వర్ణన చదివి ఆ రాత్రి డాబా ఎక్కి ఆకాశం చూసిన పిల్ల ఉందో లేదో ఆ పేపర్లో కనిపించదు. కనిపించేలా మనం ప్రశ్న వెయ్యలేదు.

వందలో ఒక్క పేపరు వేరుగా వస్తుంది. రాత కొక్కిరిబిక్కిరిగా ఉంటుంది, వరసన నాలుగు అక్షరదోషాలు. ‘ఆకలైతే ఎవుళ్లకైనా కోపం వస్తది సార్, వ్యాసునికి సుత’ అన్న ధోరణిలో ఉంటుంది. ఆ పిల్లవాడు పాఠం విన్నాడు, తన బతుకులో పెట్టి చూసుకున్నాడు. మనం ఏం చేశాం? ‘కీ’లో ఉన్న అంశాలు ఇందులో లేవన్నాం. పక్కనున్న మిత్రుణ్ణి అడిగితే ఆయనా అదే అన్నాడు. సగం మార్కులు వేసి కట్టలో పెట్టేశాం. ఆ ఒక్క పేపరుకైనా నిలబడదామన్న ధైర్యం కలగలేదు. పై అధికారి రీవాల్యుయేషన్లో పట్టుకుంటాడేమోనన్నది సాకు. అసలు సంగతేమిటంటే సొంతంగా ఆలోచించిన జవాబుకు విలువ కట్టడం మనకు చేతకాదు, అలవాటూ లేదు.

ఛందస్సు దగ్గర మన పాపం ఇంకా పెద్దది. ఎందుకంటే ఇది పిల్లలకు అన్నిటికంటే సులువుగా, ఆటలాగా పట్టుబడాల్సిన విషయం. నల్లబల్ల మీద పట్టిక గీశాం. ఉత్పలమాల భ-ర-న-భ-భ-ర-వ, యతి పదో అక్షరం. చంపకమాల న-జ-భ-జ-జ-జ-ర, యతి పదకొండు. శార్దూలం మ-స-జ-స-త-త-గ, యతి పదమూడు. మత్తేభం స-భ-ర-న-మ-య-వ, యతి పద్నాలుగు. నాలుగూ బట్టీ పట్టండి, రెండు మార్కులు ఖాయం అన్నాం. ఈత గురించి నోట్సు చెప్పి రాయించినట్టు.

గురువుకు రెండు దెబ్బలు, లఘువుకు ఒక దెబ్బ అని చెప్పి బెంచీల మీద చరిపించి ఉంటే ఏం జరిగేదో చూడండి. ఉత్పలమాల పాదంలో మొదటి అక్షరం గురువు. ఆ ఒక్క గురువును తీసేసి దాని చోట రెండు లఘువులు పెట్టండి. మిగతా పందొమ్మిది అక్షరాలూ కదల్చకండి. ఇప్పుడు గణాలు విడదీస్తే వచ్చేది న-జ-భ-జ-జ-జ-ర. అది చంపకమాల! ఒక అక్షరం పెరిగింది కాబట్టి యతి పదో అక్షరం నుంచి పదకొండుకు జరిగింది. శార్దూలానికీ అంతే. మొదటి గురువును రెండు లఘువులుగా విరిస్తే మత్తేభం అవుతుంది, పదమూడు పద్నాలుగవుతుంది. అంటే పిల్లల నెత్తిన మనం మోపిన నాలుగు పద్యాలు నిజానికి రెండే. మిగతా రెండూ వాటి మొదటి అడుగు కాస్త మార్చుకున్న రూపాలు. వెనక బెంచీలో కూర్చుని డెస్కు మీద దరువేస్తూ దొరికిపోయి మన చేత తిట్లు తిన్న పిల్లవాడు ఉంటాడే, పండగలకు పెళ్లిళ్లకు డప్పు కొట్టడానికి పోయేవాడు, వాడికి ఇది ఒక పీరియడ్‌లో వచ్చేస్తుంది. మనకంటే ముందు వస్తుంది. వాణ్ణి బోర్డు దగ్గరికి పిలిచి లెక్క చూపించరా అనాల్సిన చోట, దరువాపు, గణవిభజన చెయ్యి అన్నాం.

ఇంతకీ పద్యాన్ని వినిపించకుండా యతి అంటే ఏమిటో పిల్లలకు ఎలా తెలుస్తుంది? యతి స్థానంలో వచ్చే అక్షరం పాదం మొదటి అక్షరంతో మైత్రి పాటిస్తుంది. రెండూ ఒకే కుదురు శబ్దాలైతేనే చెవి ఒప్పుకుంటుంది. అది చెవితో తెలియాలి. మనం వేళ్లతో లెక్కపెట్టించాం. మనలో గొంతు విప్పి పద్యం పాడేవాళ్లు రాన్రాను తగ్గిపోయారు. పక్క క్లాసు ఇంగ్లీషు టీచరు నవ్వుతారేమోనని ఒకరు, సంగీతం రాదని ఇంకొకరు. కానీ మన ఊళ్లలో పద్యం ఏనాడూ సంగీత పాఠశాలలో పుట్టలేదు. తిరుపతి వేంకటకవుల ‘పాండవోద్యోగ విజయాలు’ నాటకాల్లో కృష్ణుడి పద్యానికి ఒన్స్‌మోర్ కొట్టినవాళ్లలో అక్షరం ముక్క రానివాళ్లే ఎక్కువ. తెల్లవార్లూ కూర్చుని విన్నారు. విని విని కొందరు నోటికి నేర్చుకున్నారు. ఘంటసాల పాడిన పద్యాల్ని ఆటో నడుపుకుంటూ పాడుకునేవాళ్లు ఈనాటికీ ఉన్నారు. వాళ్లకు ప్రతిపదార్థం తెలియదు. కానీ ఎక్కడ గొంతు పెంచాలో, ఎక్కడ విరవాలో తెలుసు. మన పిల్లలకు ప్రతిపదార్థం తెలుసు.

తెలంగాణ పల్లెల్లో చిందు భాగవతం ఆడే కుటుంబాలున్నాయి. కోస్తాలోనూ సీమలోనూ వీధి నాటకాలు, బుర్రకథలు చెప్పిన కుటుంబాలున్నాయి. వాళ్ల పిల్లలు మన బడులకే వచ్చారు. ఆ పిల్లలకు ఇంట్లోనే భారత భాగవత కథలున్నాయి. తాత దగ్గర ఒక దరువు, అమ్మ దగ్గర ఒక పాట. వాళ్లలో ఒక్కరినైనా లేపి, నీకు తెలిసిన ప్రహ్లాదుడి కథ చెప్పమ్మా అని అడగలేదు. హాజరుపట్టీలో కులం కాలమ్ నింపడానికి మాత్రం వాళ్ల వివరాలు మనకు కావాల్సి వచ్చాయి.

వ్యాకరణం గురించి రాయాలంటే సిగ్గుపడాల్సిన సంగతులు చాలా ఉన్నాయి. 1850లలో మద్రాసులో ఉండి చిన్నయసూరి కావ్యభాషకు కట్టిన వ్యాకరణం గొప్ప పని. దాని ఘనత గురించి గొడవ లేదు. కవులు రాసిన తెలుగును అంత పొదుపుగా సూత్రాల్లో కూర్చినవాడు మరొకడు లేడు. మన గొడవ ఏమిటంటే, ఆ సూత్రాల్ని ఎత్తుకొచ్చి, మాట్లాడే పిల్లల నోటికి సంబంధం లేని వస్తువుల్లాగా వాళ్ల ముందు పడేశాం. సంధి అనేది పద్యాల్లో మాత్రమే జరుగుతుందని ఒక తరం పిల్లలు మన దగ్గర నేర్చుకున్నారు. ‘ఎక్కడున్నావ్‌రా’ అని ఫోనులో అడిగే పిల్లవాడు అత్వసంధి చేస్తున్నాడు. ‘ఏమంటున్నావ్’ అంటే ఇత్వసంధి. ‘వాడెవడు’ అంటే ఉత్వసంధి. పొద్దున సంచి పట్టుకుని కూరగాయలకు పోయిన పిల్ల గసడదవాదేశ సంధి మోసుకొస్తోంది. కాయ గాయ అయిందెందుకో అడిగితే ఒక్క నిమిషం నవ్వుకుని ఆలోచించేది. టీవీ చానళ్లు రోజుకు పదిసార్లు ‘బట్టబయలు’ అంటాయి. ఆ మాటనూ పట్టపగలునూ మొట్టమొదటనూ చిట్టచివరనూ నాలుగింటినీ బోర్డు మీద పక్కపక్కన రాసి, వీటిలో ఏం జరుగుతోందో మీరే కనిపెట్టండి అంటే ఆమ్రేడిత సంధి సూత్రాన్ని ఆ తరగతే తయారుచేసి ఇచ్చేది. సూత్రం చివర రావాలి. మనం మొదట చెప్పి, చివరిదాకా అదే చెప్పాం.

కొత్త పుస్తకాలు వచ్చాక కర్తరి, కర్మణి వాక్యాలు వచ్చాయి. ఇవి ఇప్పటి భాషకు సంబంధించినవే, బాగుంటుందనుకున్నాం. ఏం చేశాం? ‘సీత పాట పాడింది’ని ‘సీత చేత పాట పాడబడింది’ అని మార్పించి ఒక మార్కు వేశాం. తెలుగు నేల మీద ఏ సీతా ఏ పాటా అలా పాడదు. మన భాషలో కర్మణి ప్రయోగం రాతలో, అదీ ఆఫీసు కాగితాల్లో తప్ప మాటల్లో కనిపించదు, ఎందుకు కనిపించదు అన్నది చర్చించాల్సిన చోట, ఎవరూ అనని వాక్యాన్ని రాయించి మార్కు వేశాం. చేకూరి రామారావు ‘తెలుగు వాక్యం’ రాసి దశాబ్దాలైంది. మనం మాట్లాడే వాక్యం ఎలా నడుస్తుందో అందులో ఉంది. దాన్ని మనలో ఎందరం తెరిచి చూశాం?

ఇంతకంటే చేదు నిజం ఇంకోటుంది. ఏ గిడుగువారి పటానికి దండ వేస్తున్నామో ఆయన సవరల భాష నేర్చుకుని, ఆ పిల్లలకు వాళ్ల మాటల్లోనే చదువు చెప్పాలని పుస్తకాలు రాసిన మనిషి. మనం మాత్రం ఎర్ర పెన్ను తీసి ‘వచ్చిండు’ కొట్టేసి ‘వచ్చాడు’ రాశాం. శ్రీకాకుళం పిల్ల ‘ఎల్లిపోనాది’ అంటే తరగతంతా నవ్వేలా మళ్లీ అనిపించాం. రాయలసీమ పిల్లవాడు ‘వచ్చినాడు’ అని రాస్తే గ్రామ్యమన్నాం. తమాషా ఏమిటంటే ఆ ‘వచ్చినాడు’ మనం ప్రమాణం అనుకునే ‘వచ్చాడు’ కంటే కావ్యాల భాషకు దగ్గర. తిక్కనకు దగ్గరగా మాట్లాడుతున్న పిల్లవాణ్ణి తప్పు మాట్లాడుతున్నావని తిట్టి, తిక్కన పద్యం కంఠతా పట్టమన్నాం. భాష అంటే తన నోట్లో ఉన్నది కాదు, సారు పుస్తకంలో ఉన్నది అని వాడు అప్పుడే తేల్చుకున్నాడు. తేల్చుకున్నాక, పరాయిదే నేర్చుకోవాలంటే ఇంగ్లీషే నేర్చుకుంటే పోలా అనుకున్నాడు. వాడి లెక్కలో తప్పేముంది?

కథల సంగతి చూద్దాం. పదో తరగతికి రామాయణం ఉపవాచకంగా ఉంది. పద్నాలుగు పదిహేనేళ్ల పిల్లల చేతికి రామాయణ భారతాలిస్తే ప్రశ్నలు రాకుండా ఎలా ఉంటాయి? వచ్చాయి. వాలిని చెట్టు చాటునుంచి కొట్టడం ఏం న్యాయం సార్ అన్నారు. ఏకలవ్యుడు బొటనవేలు ఎందుకివ్వాలన్నారు. ద్రౌపది సంగతయితే ఆడపిల్లలు అడిగారు. సభాపర్వంలో జూదం ముగిశాక దుర్యోధనుడు పంపిన ప్రాతికామి వచ్చి సభకు రమ్మంటే ద్రౌపది వెంటనే ఏడవలేదు. ధర్మరాజు ముందు తనను తాను ఓడాడా, నన్ను ఓడాడా, సభలో అడిగి రమ్మని వాణ్ణి తిప్పి పంపింది. తనను తాను ఓడిపోయినవాడికి ఇంకొకర్ని పందెం పెట్టే హక్కు ఉంటుందా? నిండు సభలో పెద్దలెవరూ నిక్కచ్చిగా జవాబు చెప్పలేకపోయారు. భీష్ముడే ధర్మం సూక్ష్మం అన్నాడు. నన్నయ తెలుగు చేసిన సభాపర్వంలో ఉన్న ఈ ఘట్టాన్ని తొమ్మిదో తరగతి ఆడపిల్లలు చర్చించుకుంటే, వాళ్లకు అక్కడ తర్కమూ కనిపిస్తుంది, వాక్యంలో ఏది ముందు ఏది వెనక అన్న వ్యాకరణమూ కనిపిస్తుంది. మనం ఏమన్నాం? దేవుళ్ల మీద ఎదురు ప్రశ్నలు వెయ్యకూడదమ్మా అన్నాం. లేకపోతే అది సిలబస్‌లో లేదన్నాం. భక్తి పేరుతో కొందరం, భయంతో కొందరం, జవాబు తెలియక చాలామందిమి. కవిత్రయం భయపడని చోట మనం భయపడ్డాం.

ఇక్కడికి వచ్చేసరికి మిత్రులు చెప్పే మాటలు నాకు తెలుసు, నేనూ చెప్పినవే. సిలబస్ పూర్తి చెయ్యాలి. ఉత్తీర్ణత శాతం మీద సమీక్షలు పెడతారు. పండిట్ పోస్టులు అప్‌గ్రేడ్ చెయ్యకుండా ఏళ్ల తరబడి నానబెట్టారు. ఎన్నికల డ్యూటీ, మరుగుదొడ్ల ఫొటోలు, రకరకాల యాప్‌లు. అన్నీ నిజమే, ఒక్కటీ కొట్టిపారేసేది కాదు. కానీ సి.సి.ఇ. (నిరంతర సమగ్ర మూల్యాంకనం) వచ్చినప్పుడు ఏం జరిగిందో గుర్తు తెచ్చుకోండి. అంతకుముందు మనకు ఎవరూ అంత స్వేచ్ఛ ఇవ్వలేదు. ప్రశంస, సృజనాత్మకత, ప్రాజెక్టు పని అన్నారు. ఊళ్లోకి పోయి సామెతలు సేకరించమన్నారు, కళాకారుల్ని కలవమన్నారు. ఫార్మేటివ్ పరీక్షకు పేపరు మీరే తయారు చేసుకోండన్నారు, మార్కులూ మీ చేతుల్లోనే పెట్టారు. ‘సొంతమాటల్లో రాయండి’ అన్న ప్రశ్న వచ్చింది.

మొదటి వేసవి తిరక్కుండానే మార్కెట్లోకి కొత్త గైడ్లు దిగాయి. సొంతమాటల్లో రాయాల్సిన జవాబులు వాటిలో అచ్చయి ఉన్నాయి. పిల్లలు కొనుక్కున్నారు, మనమే కొనమన్నాం. ప్రాజెక్టు పనులు నెట్ సెంటర్ల నుంచి ప్రింటు తీసి, రంగు స్కెచ్ పెన్నుతో అంచు గీసి తెచ్చారు. అంచు బాగుందని ఎక్కువ మార్కులు వేశాం. ఆ సామెత ఎవరు చెప్పారురా అని అడగలేదు. దీన్ని ఏ ప్రభుత్వమూ మన చేత చేయించలేదు. ఏ కార్పొరేట్ కాలేజీ వాడూ వచ్చి బెదిరించలేదు.

మరి ఎందుకు చేశాం? నాకు తోచిన జవాబు ఒకటే. మనం చదవడం మానేశాం. కొందరం ప్రాచ్య కళాశాలల్లో భాషాప్రవీణ చదివాం, కొందరం యూనివర్సిటీల్లో ఎమ్మే చేసి పండిత శిక్షణ పూర్తిచేశాం. డి.ఎస్.సి. కోసం బిట్లు చదివాం. భారతంలో ఎన్ని పర్వాలు, పద్దెనిమిది. తిక్కన రాసినవెన్ని, పదిహేను. నన్నయ కవితా గుణాలు ఎన్ని, మూడు. అక్షరరమ్యత ఆ మూడింట్లో ఒకటని గుర్తుపెట్టుకుని ఉద్యోగం తెచ్చుకున్నవాళ్లం, దాన్ని ఒక పద్యంలో పట్టి చూపించాల్సిన రోజున ఏం చూపించాలో తోచలేదు. ఉద్యోగం వచ్చాక కొనే పుస్తకం గైడు ఒక్కటే అయింది. అదీ చాలాసార్లు కంపెనీవాళ్లు స్పెసిమెన్ కాపీగా ఇచ్చినదే. చాలా బడుల్లో బీరువాల్లో తిరుమల తిరుపతి దేవస్థానం వాళ్లు వేసిన వ్యాఖ్యానసహిత భారత సంపుటాలు ఉంటాయి. ఎవరైనా తీసుకుపోయి పోగొడితే రికవరీ పడుతుందని తాళం వేసి ఉంచుతాం. పిల్లలకు ఇవ్వం సరే, మనమైనా ఇంటికి తీసుకుపోవచ్చు కదా!

2024లో ‘కల్కి 2898 ఏడీ’ సినిమా వచ్చినప్పుడు పిల్లలు బడికి వచ్చి అడిగింది ప్రభాస్ గురించి కాదు. అశ్వత్థామ గురించి. ఇన్ని వేల ఏళ్లు ఎందుకు బతికాడు సార్, కృష్ణుడు ఎందుకు శపించాడు, అంత తప్పు ఏం చేశాడు అని. ఎవరి బలవంతమూ లేకుండా, ఒక్క మార్కు కూడా రాని ప్రశ్నతో, పిల్లలు తమంతట తాము భారతం దగ్గరికి నడిచొచ్చారు. సౌప్తికపర్వం తీసి చూపించాల్సిన రోజు అది. నిద్రపోతున్న ఉపపాండవుల్ని చీకట్లో నరికిన రాత్రి గురించి చెప్పొచ్చు. అదే అశ్వత్థామను పట్టి తెచ్చినప్పుడు, అయిదుగురు కొడుకుల్నీ పోగొట్టుకున్న ద్రౌపది, వాణ్ణి చంపకండి, వాడి తల్లి కృపి నాలాగా ఏడవకూడదు అని విడిపించింది కదా, పోతన ప్రథమస్కంధంలో ఉన్న ఆ ఘట్టం చదివి వినిపిస్తే, సినిమా చూసొచ్చిన పిల్లలు చెవులప్పగించి వినేవాళ్లు. వినేసి ఒకరితో ఒకరు కొట్లాడుకునేవాళ్లు, ద్రౌపది చేసింది కరెక్టా కాదా అని.

సినిమాలు తగ్గించండిరా, యూనిట్ టెస్టు ఉంది అన్నాం. సిలబస్‌లో లేదని ఎప్పటిలాగే చెప్పి తప్పించుకున్నాం గానీ, ఉన్నా చెప్పగలిగేవాళ్లం కాదు. అశ్వత్థామ కథ మనలో చాలామందికి కూడా ఆ సినిమా దగ్గరే తెలిసింది.